తరచూ పట్టేసే నడుమును ఇంట్లోనే బలపరచుకోవడం: ఏవి చేయాలి, ఏవి ఆపాలి

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే సంగతి ఇదీ. మీ వయసు 38. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీలో కూర్చునే పని, రానూపోనూ స్కూటరు ప్రయాణం. గడచిన రెండేళ్లలో నాలుగుసార్లు నడుము పట్టేసింది; చివరిసారి స్నానాలగదిలో బకెట్ ఎత్తబోతే కలుక్కుమని మూడు రోజులు మంచం దిగలేకపోయారు. ఎమ్మారైలో కింది రెండు డిస్కులు (పూసల మధ్య ఉండే మెత్తలు) కొద్దిగా ఉబ్బినట్టు వచ్చింది. నొప్పి కాలిలోకి దిగలేదు. ఇప్పుడు చాలావరకు తగ్గింది కాబట్టి వీడియోలు చూసి, ప్రతి ఉదయం లేవగానే ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం, ఇరవై సిటప్పులు, భుజంగాసనం చేస్తున్నారు; కానీ చేసిన రోజున నడుము ఇంకా బిగుసుకుపోతోంది. జిమ్‌కు వెళ్లకుండా ఇంట్లోనే నడుమును బలపరచుకోవచ్చా, ఏ వ్యాయామాలు చేయాలి, 64 ఏళ్ల మీ అమ్మగారు కూడా అవే చేయవచ్చా అని అడిగారు.

ఇంట్లోనే నిక్షేపంగా చేసుకోవచ్చు. ఒక చాప, చీపురు కర్రలాంటి పొడవాటి కర్ర, ఒక నీళ్ల బకెట్ ఉంటే మరే సామగ్రీ అక్కర్లేదు. అయితే మీరు చేస్తున్న మూడింటిలో మొదటి రెండింటినీ రేపటి నుంచి మానేయండి. ఫిజియోథెరపిస్టుగా ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను: నొప్పి తగ్గగానే ఉత్సాహంగా వ్యాయామం మొదలుపెట్టి, ఆ వ్యాయామంతోనే మళ్లీ నొప్పి తెచ్చుకుని, "నా నడుముకు వ్యాయామం పడదు" అనే నిర్ణయానికి వచ్చేవాళ్లు మొదటినుంచీ ఏమీ చేయనివాళ్లకంటే సంఖ్యలో తక్కువేమీ కాదు. వాళ్లకు పడనిది వ్యాయామం కాదు, ఆ సమయంలో ఆ వ్యాయామం.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. మూత్రం బిగబట్టినట్టయి రాకపోవడం, లేక తెలియకుండానే మూత్రమో మలమో పోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ మొద్దుబారడం, కాలి పాదం పైకి లేవకపోవడం, ఇవి కనిపిస్తే వ్యాయామం సంగతి పక్కనపెట్టి ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి నిద్రలో కూడా వదలని నొప్పి, దానితోపాటు జ్వరం, ఆకలి మందగించి బరువు తగ్గడం ఉంటే వైద్యుడు చూడకుండా ఏ వ్యాయామమూ మొదలుపెట్టకూడదు. మన దేశంలో వెన్నుపూసలకు క్షయ సోకడం అరుదేమీ కాదు, అది మొదట్లో మామూలు నడుము నొప్పిలాగే ఉంటుంది. పొద్దున్నే అరగంటకు పైగా వెన్ను కొయ్యబారినట్టుండి, కదిలేకొద్దీ హాయి, విశ్రాంతి తీసుకునేకొద్దీ బాధ అనిపించే యువకులు ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. మీరు రాసినదాంట్లో వీటి ఛాయలేవీ లేవు.

ఎమ్మారై గురించి మీ భయం మీ మాటల్లోనే కనిపిస్తోంది, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఏ నొప్పీ లేని 3,110 మంది చిత్రాలపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి 2015లో లెక్కగట్టారు. నొప్పి ఎరుగని నలభై ఏళ్లవారిలో కూడా దాదాపు సగం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఇరవై ఏళ్లవారిలో ముప్పై శాతం, ఎనభై ఏళ్లవారిలో ఎనభై నాలుగు శాతం. తల నెరిసినట్టే డిస్కు కూడా నెరుస్తుంది. రిపోర్టులోని ఆ వాక్యం మీ నొప్పికి కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. మీరు చేయాల్సిన పని మాత్రం దానివల్ల పెద్దగా మారదు.

ఇక అసలు విషయం. నడుములో ఐదు పూసలుంటాయి. ముందుకు వంగడానికి, వెనక్కి వాలడానికి అవి వీలిస్తాయి గానీ, మెలితిరగడానికి ఐదూ కలిసినా పది డిగ్రీలకు కాస్త అటూఇటూ మాత్రమే. వాటికి కింద ఉన్న తుంటి కీలు గిన్నెలో బంతిలాంటిది, ఎటు కావాలంటే అటు తిరగడానికే పుట్టింది. వంగడం, లేవడం, ఎత్తడం వంటి పెద్ద కదలికలన్నీ తుంటి దగ్గర జరుగుతూ, ఆ సమయంలో నడుము పెద్దగా కదలకుండా గట్టిగా నిలబడి బరువును కాళ్లకు అందించాలి. గంటల తరబడి కుర్చీలో కూర్చునేవారిలో ఈ పొత్తు చెడిపోతుంది: తుంటి బిగుసుకుంటుంది, పిరుదుల కండరాలు పని మరచిపోతాయి, వాటి పనిని నడుము నెత్తిన వేసుకుంటుంది. కాబట్టి మనకు కావలసింది ఒక్కసారి పెద్ద బరువు ఎత్తే బలం కన్నా, రోజంతా చిన్న బరువును అలసిపోకుండా మోసే ఓర్పు. 1984లో డెన్మార్క్‌లో బీరింగ్ సోరెన్‌సెన్ అనే పరిశోధకుడు, బోర్లా పడుకోబెట్టి నడుము పైభాగాన్ని బల్ల అంచు దాటించి గాలిలో నేలకు సమాంతరంగా ఎంతసేపు నిలపగలరో కొలిచాడు. ఆ తరువాతి ఏడాదిలో మొదటిసారి నడుము నొప్పి వచ్చిన మగవారిలో ఈ ఓర్పు తక్కువగా ఉన్నట్టు తేలింది. ఈ పరీక్షను ఇంట్లో మంచం మీద చేసి చూడవద్దు; మంచం అంచున వేలాడి నడుము పట్టేయించుకున్నవారిని చూశాను.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. వెన్నుపూసల్ని ఒకదానితో ఒకటి కుట్టినట్టు పట్టి ఉంచే మల్టిఫైడస్ అనే లోతైన కండరం, ఒకసారి నడుము పట్టేసినప్పుడు నొప్పి ఉన్న వైపున సన్నబడుతుంది. నొప్పి తగ్గినా అది తనంతట తాను తిరిగి పుంజుకోదు. ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ బృందం మొదటిసారి నొప్పి వచ్చిన 39 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ కండరానికి ప్రత్యేకంగా వ్యాయామం చేయించింది. ఏడాదిలో మళ్లీ నొప్పి వచ్చినవారు వ్యాయామం చేసినవారిలో 30 శాతం, చేయనివారిలో 84 శాతం. చిన్న అధ్యయనమే, అయినా నొప్పి తగ్గాక మూలన పడేసిన వ్యాయామం ఎందుకు అవసరమో ఇంత స్పష్టంగా చూపిన అంకెలు తక్కువ. రెండేళ్లలో నాలుగుసార్లు పట్టేయడానికి మీ విషయంలో నాకు కనిపిస్తున్న ప్రధాన కారణం ఇదే: ప్రతిసారీ నొప్పి తగ్గింది గానీ నడుము కోలుకోలేదు.

ఉదయం లేవగానే వంగడం ఎందుకు మానాలో చెబుతాను. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మన ఎత్తు సాయంత్రంకన్నా ఒక సెంటీమీటరో, ఇంకాస్తో ఎక్కువగా ఉంటుంది. ఆ పెరిగిన ఎత్తులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బి బిగుసుగా ఉన్న ఆ గంటలో నడుము వంచితే డిస్కు మీద, పూసల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లనే పట్టీల మీద పడే ఒత్తిడి మిగతా రోజుకంటే చాలా ఎక్కువ. దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్నవారికి ఉదయంపూట వంగడం మానమని చెప్పినంత మాత్రాననే నొప్పి తగ్గినట్టు 1998లో అమెరికాలో స్నూక్ బృందం చూపింది. ఖర్చు లేని వైద్యం కదా, ముందు ఇది మొదలుపెట్టండి. పళ్లు తోముకునేటప్పుడు ఒక చెయ్యి సింకు మీద ఆనించండి, సాక్సులు కాలు పైకి తెచ్చుకుని తొడుక్కోండి, బకెట్ పని ఒక గంట వాయిదా వేయండి. వ్యాయామం సాయంత్రం చేయండి, లేదా లేచిన గంట తరువాత నాలుగడుగులు నడిచి వచ్చి చేయండి.

సిటప్పుల సంగతి: కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ దశాబ్దాల పాటు నడుము మీద పడే బరువుల్ని కొలిచాడు. ఒక మామూలు సిటప్పు నడుము పూసల్ని దాదాపు 3,300 న్యూటన్ల బలంతో నొక్కుతుంది. అంటే 330 కిలోల పైచిలుకు బరువన్నమాట. అదీ నడుము వంగి ఉన్నప్పుడు. రోజుకు ఇరవైసార్లు మీరు చేస్తున్నది అదే. పొట్ట కండరాలకు దానివల్ల మేలు లేదని కాదు, ఆ మేలును ఇంతకంటే చవగ్గా పొందే దారి ఉంది.

చేయవలసినవాటిలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది వంగడం. నవ్వకండి, నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందికి తుంటి దగ్గర వంగడం రాదు. చీపురు కర్రను వీపు వెనుక నిలువుగా పెట్టుకుని, ఒక చేత్తో మెడ దగ్గర, ఇంకో చేత్తో నడుము గుంట దగ్గర పట్టుకోండి. కర్ర మూడుచోట్ల ఆనాలి: తల వెనుక, రెక్కల మధ్య, నడుము కింద పిరుదుల మధ్య ఉన్న ఎముక మీద. గోడకు ఒక అడుగు ముందు, వీపు గోడవైపుగా నిలబడి, మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడను తాకడానికి ప్రయత్నించండి. చేతుల నిండా సామాను ఉన్నప్పుడు కారు తలుపును పిరుదులతో నెట్టి మూస్తాం కదా, అచ్చంగా ఆ కదలికే. ఒళ్లు ముందుకు వాలుతుంది, తొడ వెనుక కండరాలు లాగినట్టవుతాయి, కర్ర మాత్రం మూడుచోట్లా ఆనే ఉండాలి. నడుము దగ్గరి చేతికీ కర్రకూ మధ్య ఒత్తిడి పెరిగిందంటే నడుము గూనిగా వంగుతోందని అర్థం. అక్కడితో ఆగి లేవండి. రోజుకు పదేసిసార్లు రెండు విడతలు, రెండు వారాలు చేస్తే బకెట్ ఎత్తేటప్పుడు కూడా ఒళ్లు తనంతట తానే అలా వంగుతుంది. నాట్లు వేసే ఆడవాళ్లను గమనించండి. మోకాళ్లు కాస్త సడలించి, తుంటి దగ్గర మడతపడినట్టు వంగుతారు. అలా వంగినా రోజుకు ఎనిమిది గంటలు వంగితే వాళ్లకూ నొప్పి వస్తుంది, నాట్ల కాలం ముగిశాక మా దగ్గరికి వస్తారు. పల్లెవాళ్లకు నడుము నొప్పులుండవనేది పట్నంవాళ్ల ఊహ.

రెండోది, నా లెక్కలో నడుముకు అన్నిటికంటే ఎక్కువ ప్రతిఫలమిచ్చేది, నాలుగు కాళ్ల భంగిమలో చేసేది. చాప మీద మోకాళ్లూ అరచేతులూ ఆనించండి. భుజాల కింద చేతులు, తుంటి కింద మోకాళ్లు. పొట్టను లోపలికి పీల్చకండి. పక్కనున్నవాడు సరదాగా పొట్టలో గుద్దబోతే ఎంత బిగబడతామో అంతే, ఊపిరి ఆడుతుండగా బిగించండి. అప్పుడు కుడి కాలిని వెనక్కి, ఎడమ చేతిని ముందుకు మెల్లగా చాపండి. మడమతో వెనుక గోడను నెడుతున్నట్టు, పిడికిలితో ఎదుటి గోడను తాకబోతున్నట్టు ఉండాలి. కాలు పిరుదుల ఎత్తును దాటకూడదు. ఎంత పైకి లేపితే అంత గొప్ప అనుకునేవారికి నడుము వెనక్కి విరిగినట్టు వంగి మేలు కాస్తా కీడవుతుంది. ఎనిమిది నుంచి పది సెకన్లు నిలిపి, చెయ్యీ మోకాలూ నేలను రాసుకుంటూ వెనక్కి తెచ్చి, విశ్రాంతి లేకుండా మళ్లీ చాపండి. మొదటి విడతలో ఒక్కో వైపు ఆరుసార్లు, అర నిమిషం ఆగి నాలుగుసార్లు, మళ్లీ ఆగి రెండుసార్లు. విడతలు ఇలా తగ్గుతూ రావడం వెనుక ఉద్దేశం ఒక్కటే, అలసిన నడుముతో తప్పు భంగిమలో చేసే పరిస్థితి రాకుండా చూడడం. ఓర్పు పెరిగాక విడతలో సార్లను పెంచండి, పది సెకన్లను మాత్రం పెంచకండి. అంతకుమించి బిగబట్టి ఉంచితే కండరానికి రక్తం సరిగా అందక ముందే అలసిపోతుంది.

ఇది సరిగా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక చిట్కా ఉంది. సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ గ్లాసును నడుము మీద పెట్టించుకోండి. ఒలికిందంటే నడుము పక్కకు ఒరుగుతోందన్నమాట. అప్పుడు చెయ్యి చాపడం మాని కాలు మాత్రమే చాపండి. అదీ కుదరకపోతే కాలి బొటనవేలు నేల మీదే ఉంచి వెనక్కి జరపండి. ఇంట్లో పిల్లలుంటే గ్లాసు పందెం వేసుకోవచ్చు, తప్పకుండా వాళ్లే గెలుస్తారు.

డొక్క కండరాలకు పక్క వంతెన. ఒక పక్కకు పడుకుని, మోచేయి సరిగ్గా భుజం కింద ఉండేలా ఆనించి, మోకాళ్లు మడిచి, మోకాళ్లూ మోచేయీ ఆధారంగా తుంటిని నేల నుంచి లేపండి. తల నుంచి మోకాళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. పది సెకన్లు, పైన చెప్పిన ఆరు, నాలుగు, రెండు లెక్కే. భుజం నొప్పి ఉంటే నిలబడి గోడకు మోచేయి ఆనించి, కాళ్లు గోడకు దూరంగా జరిపి చేయవచ్చు. మూడు నాలుగు వారాలకు కాళ్లు చాపి పాదాల మీద చేయగలుగుతారు. కుడి ఎడమల మధ్య పెద్ద తేడా ఉంటే బలహీనమైన వైపు ఒక విడత అదనంగా చేయండి.

సిటప్పులకు బదులుగా వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, ఒక కాలు చాపి, రెండు అరచేతులనూ నడుము గుంట కింద పెట్టుకోండి. చేతుల మీద ఒత్తిడి పెరగకుండా, తగ్గకుండా తలనూ భుజాలనూ నేల నుంచి రెండు మూడు వేళ్ల ఎత్తు మాత్రమే లేపి పది సెకన్లు ఉంచండి. చూసేవారికి మీరు ఏమీ చేయనట్టే ఉంటుంది. గడ్డం ఛాతీకి తగిలించకండి. మెడ నొప్పి వస్తే నాలుకను అంగిలికి నొక్కి ఉంచి చూడండి.

పిరుదులకు సేతుబంధాసనంలాంటి వంతెన. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మడమల మీద బరువు వేసి, ముందు పిరుదుల్ని బిగించి ఆ తరువాతే తుంటిని లేపాలి. యోగాసనంలో ఛాతీ వంపు తిరిగేదాకా లేపుతారు, ఇక్కడ భుజాల నుంచి మోకాళ్ల వరకు గీత వస్తే చాలు. తొడ వెనుక కండరం పట్టేస్తుంటే పాదాలు దూరంగా ఉన్నాయని అర్థం, పిరుదుల దగ్గరికి జరుపుకోండి. పన్నెండేసిసార్లు రెండు విడతలు.

భుజంగాసనం మానమని ఎందుకు చెప్పలేదంటే, వెనక్కి వంగడం చాలామంది డిస్కు రోగులకు పడుతుంది. ఈ సంగతి బయటపడిన తీరు కూడా చిత్రంగానే ఉంటుంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారాల తరబడి కాలి నొప్పి తగ్గని రోగి వచ్చి, తలవైపు పైకి లేపి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుము వెనక్కి విరిగినట్టున్న ఆ భంగిమలో ఐదు నిమిషాలున్నాక, కాలి నొప్పి పోయిందన్నాడు. అక్కడి నుంచి ఒక చికిత్సా పద్ధతే పుట్టింది. అందులో మీకు పనికివచ్చే సూత్రం ఇది: ఏ కదలిక చేస్తే నొప్పి కాలి నుంచి పైకి, నడుము మధ్యకు జరుగుతుందో అది మంచిది, నడుములో కాసేపు ఎక్కువైనా ఫరవాలేదు, ఏ కదలిక చేస్తే నొప్పి పిరుదులోకి, పిక్కలోకి దిగుతుందో దాన్ని వెంటనే ఆపాలి. మీరు భుజంగాసనాన్ని అరచేతుల మీద కాకుండా మోచేతుల మీద, పిరుదులు వదులుగా ఉంచి, వ్యాయామం చివర ఒక నిమిషం చేసి చూడండి. చేశాక నడుము తేలికపడితే ఉంచండి, బరువెక్కితే వదిలేయండి. పూస ముందుకు జారిందని చెప్పినవారు మాత్రం వెనక్కి వంగేవాటి జోలికి పోకూడదు. శలభాసనంలా చేతులూ కాళ్లూ ఒకేసారి గాలిలోకి లేపేవి నడుము మీద సిటప్పుకన్నా ఎక్కువ భారం వేస్తాయి, వాటిని మీకు ఇప్పట్లో సిఫారసు చేయను.

ఇవన్నీ కలిపినా ఇరవై నిమిషాలు దాటవు. మొదటి నెల రోజూ చేయండి. చేసేటప్పుడు పదికి మూడు వరకు నొప్పి ఉన్నా ఇబ్బంది లేదు, మర్నాటి పొద్దుటికి అది మామూలు స్థాయికి రావాలి; రాకపోతే సార్లను సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి. నాలుగైదు వారాల తరువాత నడుముకు నిజమైన బరువు అలవాటు చేయాలి, లేకపోతే చాప మీద వచ్చిన బలం చాప మీదే ఉండిపోతుంది. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు. మొదట ఐదు లీటర్లతో, ఒక చేత్తో బకెట్ పట్టుకుని, పక్కకు ఒరగకుండా నిటారుగా హాల్లో ముప్పై అడుగులు నడవండి. చెయ్యి మార్చి వెనక్కి రండి. ఒక పక్క బరువున్నప్పుడు రెండో పక్క డొక్క కండరం ఎంత పనిచేస్తుందో రెండో రోజే తెలుస్తుంది. బకెట్‌ను ముక్కాలిపీట మీద నుంచి ఎత్తడం మొదలుపెట్టి, చీపురు కర్రతో నేర్చుకున్న పద్ధతిలోనే, వారాలు గడిచేకొద్దీ నేల మీదికి దించండి. మూడు నెలలకు పది కిలోల బియ్యం సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని నేల నుంచి పదిసార్లు ఎత్తగలిగితే మీ నడుముకు నిత్యజీవితానికి సరిపడా బలం వచ్చినట్టే. నిండు గ్యాస్ సిలిండరు జోలికి మాత్రం వెళ్లకండి. లోపలి గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది, దాన్ని అంచు మీద ఒరిగించి దొర్లించడమే తెలివైన పని.

దీనికి నడక కలపండి. ఆస్ట్రేలియాలో, నడుము నొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. క్రమంగా పెంచుతూ వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వరకు నడకను అలవాటు చేసుకున్నవారికి మళ్లీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పడితే, ఏ సలహా అందనివారికి 112 రోజులు పట్టింది. చేతులు ఊపుతూ కాస్త వేగంగా నడవాలి. ఫోను చూసుకుంటూ మేడ మీద తిరగడం ఈ లెక్కలోకి రాదు.

కుర్చీ విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎంత ఖరీదైన కుర్చీ అయినా అరగంటకోసారి లేవకపోతే దండగే. వెనుక జేబులోని పర్సు తీసి ముందు పెట్టుకోండి. స్కూటరు మీద గతుకు వచ్చినప్పుడు పాదాలు గట్టిగా నొక్కి పొట్ట బిగించండి.

మళ్లీ ఎప్పుడైనా పట్టేస్తే మూడు రోజులు మంచానికే అతుక్కుని ఉండిపోవద్దు. రెండు రోజుల విశ్రాంతి ఏడు రోజుల విశ్రాంతికి ఏమాత్రం తీసిపోదని 1986లోనే అమెరికాలో తేలింది; 1995లో ఫిన్లాండ్‌లో ఇంకో అడుగు ముందుకేసి, మంచం పట్టినవారికంటే, ఆ తొలి రోజుల్లోనే వ్యాయామాలు చేసినవారికంటే, ఓపినంతలో తమ పనులు తాము చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారని చూపారు. కాబట్టి ఆ మూడు నాలుగు రోజులు వ్యాయామం ఆపి, ఇంట్లోనే గంటకోసారి ఐదు నిమిషాలు నడవండి. పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. బెల్టు ఆ రోజుల్లో ప్రయాణానికి ధైర్యమిస్తుంది, వారం దాటాక విప్పేయండి. చెక్కబల్ల మీద పడుకోమని మనవాళ్లు ఇచ్చే సలహాకు కూడా ఆధారం లేదు. 2003లో స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరీక్షలో గట్టి పరుపుకంటే మధ్యరకం పరుపే మేలనిపించుకుంది. ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుము మీద తన్నించుకునే ఆచారం ఇప్పటికీ ఉంది. పాదం మెత్తగా తాకించి వదిలేసేవారితో చిక్కేమీ లేదు, నిజంగానే తన్నేవారు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఇక మీ అమ్మగారి విషయం. మీ పట్టికను యథాతథంగా ఆవిడ చేత చేయించకండి. ముట్లుడిగిన తరువాత ఆడవారిలో ఎముక పలుచబడుతుంది, అలాంటి వెన్నుపూస ముందుకు వంగినప్పుడే చితుకుతుంది. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఎముకలు పలుచబడిన 59 మంది స్త్రీలలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా పూసలు చితికాయి. వెన్ను నిటారు చేసే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. ఆవిడకు తల లేపే వ్యాయామం వద్దు, కాలివేళ్లు అందుకోవడం వద్దు. ఎత్తు తగ్గినట్టు, వీపు గూని తిరిగినట్టు అనిపించినా, చిన్నపాటి కుదుపుకే వెన్నులో పోటు వచ్చినా ముందు ఎక్స్‌రే, ఎముక సాంద్రత పరీక్ష చేయించండి. కొద్ది దూరం నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వాలితేనో హాయిగా ఉందంటే అది నరాల దారి ఇరుకు కావడం కావచ్చు. అప్పుడు వెనక్కి వంగేవి కూడా పడవు, వైద్యుణ్ణి సంప్రదించాకే మొదలుపెట్టాలి.

ఈ ఇబ్బందులేవీ లేకపోతే మంచం మీదే పడుకుని తుంటి లేపే వంతెన ఎనిమిదిసార్లు, చేతులు లేని గట్టి కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం ఎనిమిదిసార్లు చాలు. రక్తపోటు ఉంటే ఊపిరి బిగబట్టకూడదు, పైకి అంకెలు లెక్కపెడుతూ చేయమనండి. నేల మీద కూర్చుని లేవడం కష్టమైనవారు నాలుగు కాళ్ల భంగిమను కూడా నిలబడే చేయవచ్చు: వంటగది గట్టు మీద రెండు చేతులూ ఆనించి, ఒక అడుగు వెనక్కి జరిగి, వీపు నిటారుగా ఉంచి ఒక్కో కాలినీ జానెడు దూరం వెనక్కి చాపి ఐదు సెకన్లు నిలపాలి. పాలు పొంగే లోపు ఒక్కో వైపు ఐదుసార్లు పూర్తవుతాయి.